ఊరి నీటికి ఊరి శిల్పము

(ఆర్మూరు ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



పిల్లలు ఆడుకొనుటకు, పెద్దలు సాయంకాలము నడచుటకు ఊరిలో ఒక చిన్న వనము, ఆ వనమును చెరువుకట్టతో కలుపు ఒక కాలిబాట - ఈ రెండును మన ప్రాంతమున ఇప్పుడు క్రొత్త మాటలు కావు. 2020లో పల్లె ప్రకృతి వనముల పేరిట ఊరూర మొక్కలు నాటినారు. ఆ మొక్కలలో బ్రతికినవి నేడు నీడ నిచ్చుచున్నవి. ఇప్పుడు కొన్ని పంచాయతీలు ఆ వనమునకు ఏదైన నొక అందము చేకూర్చవలెననియు, అది నీటిని గూర్చినదై యుండవలెననియు తలచుచున్నవి. మంచి తలపే. అయితే అట్టి పంచాయతీలవారు మమ్ము అడుగు ప్రశ్న సాధారణముగా ఒక్కటే: "ఏ బొమ్మ పెట్టమందురు?"

బొమ్మ మాట తరువాత చూతము. ముందుగా ఒక పెద్ద కాగితము తీసికొని మీ ఊరి నీరు ఎక్కడనుండి వచ్చునో, ఎక్కడ నిలుచునో, ఎటు పోవునో గీయుడు. వాగు ఏది, చెరువులోనికి నీరు తెచ్చు కాలువ ఏది, తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ, పూడిపోయిన పాతబావి ఎక్కడ, ఆయకట్టులో చివరి మడి ఎవరిది? ఆ కాగితము పూర్తియగునప్పటికి ఏ బొమ్మ, ఏ చోట అను ప్రశ్నకు సగము సమాధానము దానియందే దొరకును. ఆ కాగితము లేకుండ ముందే బొమ్మను నిర్ణయించిన ఊరిలో ఏమగునో మనమందరము చూచినదే. సిమెంటు కమలము, దాని నడుమ నీళ్ళు చిమ్ము గొట్టము, ప్రారంభోత్సవము నాడు దీపములు. మోటారు కాలిపోయిన పిమ్మట ఆ కమలమునందు ఎండుటాకులు, కాగితపు గ్లాసులు.

నీటి ఒడ్డున శిల్పము నిలుపుట మన పెద్దలకు తెలియని పని కాదు. మీ చెరువుకట్ట మీద కట్టమైసమ్మ కలదు. ఒక రాయి, దానికి పసుపు కుంకుమలు, పైన వేపచెట్టు నీడ. ఆ రాతికి పూయు పసుపు మన పొలములలో పండినదే. దానిని టెండరు పిలిచి ఎవరును నిలుపలేదు. కట్ట తెగునేమోయను భయమును, తెగకుండ కాచుకొను పూచీ ఊరికంతకును కలదను ఎరుకయును ఆ రాతియందు రూపుకట్టినవి. ములుగు జిల్లా పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో రామప్పగుడిని కట్టించెను. ఆ గుడికి చేరువనే గొప్ప చెరువును నిర్మించెను. గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వపు గుర్తింపు లభించినది. గుడిని చూడవచ్చినవారిలో చెరువుకట్టదాక నడచిపోవువారు కొద్దిమందియే. కట్టించినవారికి మాత్రము శిల్పము వేరు, నీరు వేరు అను తలపు లేదు.

అంత దూరము పోనక్కరలేదు. కామారెడ్డి జిల్లా లింగంపేటలో నాగన్నబావి యున్నది. 2016లో జిల్లాలను విభజించువరకు అదియును మన నిజామాబాదు జిల్లాలోనిదే. అంతస్తు క్రింద అంతస్తుగా రాతిమెట్లతో లోనికి దిగిపోవు బావి యది. దానిని ఇటీవలి కాలమున శుభ్రపరచి బాగు చేసినారు. అందు మమ్ము ఆకర్షించినది చెక్కడపు సొంపు కంటె మరియొక సంగతి: నీరు తగ్గినకొలది మనిషి మరికొన్ని మెట్లు దిగవలెను. ఎండకాలపు కరవు ఎంతటిదో కాళ్ళకు తెలిసిపోవును. సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావి ఎన్నో యేండ్లు చెత్తతో నిండియుండెను. చెత్తను తోడివేయగా అడుగున ఊట యింకను సజీవముగా నుండెను. 2022 డిసెంబరు 5న దానిని తిరిగి ప్రజల కొరకు తెరచినారు. మీ ఊరిలో పూడిన బావి యొకటి యున్నచో, క్రొత్త బొమ్మకు డబ్బు పెట్టుటకు ముందు దానివైపు ఒకమారు చూడుడని మా మనవి.

ఇక తెలుగు దేశమున నీటి నడుమ నిలిచిన శిల్పములలో అందరును ఎరిగినది హుస్సేన్‌సాగరములోని బుద్ధ విగ్రహము. గణపతి స్థపతిగారి ఆధ్వర్యమున భువనగిరి చెంత రాయగిరిలో ఒకే రాతినుండి దానిని మలచినారు. 1990 మార్చిలో పడవపై తరలించుచుండగా విగ్రహము నీట మునిగినది. మనుష్యుల ప్రాణములు పోయినవి. రెండేండ్లు సాగరపు అడుగున నుండిన పిమ్మట దానిని పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలిపినారు. అది నేడు రాజధానికి గుర్తు. అందు సందేహము లేదు. కాని ఆ విగ్రహము నిలిచిన నీటిలో నగరపు మురుగు కలియుచుండుటయు, దానిని నివారించుటకు కోట్లు వెచ్చించుటయు ఎన్నో యేండ్లుగా సాగిన కథ. వాకిట ముగ్గు వేసి వంటయింటిలో చెత్త యుంచినట్లు కారాదుగదా. నగరమునకు పెద్ద విగ్రహము తగును, పెద్ద ఖర్చు తగును. గ్రామమునకు తగినది వేరు. మీ చెరువులోనికి ఊరి మురుగుకాలువ చేరుచున్నచో మొదటి రూపాయి ఆ కాలువను మళ్ళించుటకే ఖర్చు కావలెను.

గ్రామమునకు తగినది ఏది? మా యెన్నిక కొలతరాయి.

ఈజిప్టు దేశమున కైరో నగరములో, నైలునది నడుమనున్న రోడా దీవియందు, 861లో కట్టిన యొక బావి కలదు. దాని నడుమ ఒక రాతిస్తంభము, దానిపై గీతలు. వరద ఏ గీతవరకు వచ్చెనో చూచి ఆ యేటి పంటను అంచనా కట్టి పన్ను నిర్ణయించెడివారు. చుట్టును గోడలకు చక్కని చెక్కడములు, లిపిరేఖలు కలవు. చూచుటకు శిల్పము, చేయు పని లెక్క. మన గోదావరి మీద భద్రాచలములో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు చేరెను. 2022 జూలైలో 71.3 అడుగులు. ఆ పట్టణమున చదువురానివారికిని ఈ అంకెలు తెలియును. మన ఇంటిముందరి శ్రీరాంసాగరమునకు 1963 జూలై 26న నెహ్రూ గారు శంకుస్థాపన చేసినారు. వానకాలము రాగానే మన రైతులు దాని మట్టము 1091 అడుగులకు ఇంక ఎంత తక్కువయున్నదని లెక్కింతురు. అంత పెద్ద జలాశయపు లెక్క నోటికి వచ్చినవారికి సొంత ఊరి చెరువులో నేడు ఎన్ని అడుగుల నీరున్నదో చెప్పుమన్న మాట రాదు. ఆ కొరతను తీర్చునదే కొలతరాయి.

దాని తీరు ఇది. బాట చెరువును చేరుచోట, ఒడ్డునుండి చక్కగా కనబడునట్లు, నిలువెత్తు నల్లరాతి స్తంభము ఒకటి. తూము అడుగుమట్టము సున్న. మత్తడి అంచు ఏ యెత్తునకు వచ్చునో అక్కడ ఒక లోతైన అడ్డగీత. నడుమ అడుగులు. అంకెలు ఎంత పెద్దవిగా, ఎంత లోతుగా చెక్కిన అంత మేలు. రంగు వెలసిపోవును, గాడి నిలుచును. ఈ మట్టములను కంటితో ఊహించి గుర్తింపరాదు. నీటిపారుదల శాఖ ఇంజనీరుగారు పరికరముతో మత్తడినుండి కొలిచి చూపవలెను. గీత అరయడుగు తప్పినను రాయి అబద్ధమాడును. ఇక చెక్కడపు పని మీ ఇష్టము. గీతల ప్రక్కన చేపలు చెక్కింపవచ్చును, కొంగను చెక్కింపవచ్చును, మత్తడి గీతవద్ద ఎగిరిపడు నీటిని చెక్కింపవచ్చును. మన ప్రాంతమున రాతిపని ఎరిగిన వడ్డెరలు ఉన్నారు. చెరువులు త్రవ్వి, కట్టలు వేసి, రాళ్ళు పరచినది వారి పెద్దలే. దూరమునుండి అచ్చుబొమ్మను కొనితెచ్చుటకు ముందు వారిని పిలిచి అడుగుడు.

చదువుట కొక దినము ఉండవలెను. సద్దుల బతుకమ్మనాటి సాయంకాలము ఊరి ఆడపడుచులందరు చెరువు చేరుదురు. వానకాలము ముగియు రోజులవి. చెరువునకు ఆ యేటి నీరు చేరి యుండును. ఆ నాడు రాతిమీది మట్టమును చదివి పంచాయతీ పుస్తకములో వ్రాసినచో పది సంవత్సరములకు పది అంకెలు. బోరుబావులు ఎండినప్పుడు, పసుపు వేయుదమా మానుదమా అని తర్కించునప్పుడు ఆ అంకెలే సాక్ష్యము. పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలోనుండు పంట; నడుమ నీరు తప్పిన రైతు కష్టమంతయు వృథా. అట్టి పంటకు పేరుపడిన ప్రాంతమున చెరువు లెక్క తెలియకుండుట వింతయే.

వేల్పూరు సంగతి మీకు మేము చెప్పవలెనా? 2023 జూలై నెలాఖరు వానలలో అక్కడ ఒక్క రోజున సుమారు 46 సెంటీమీటర్ల వాన కురిసెను. ఏడాది పొడవున పడవలసినదానిలో సగమునకు చేరువగు వాన ఒక్క రోజున! ఆ రాత్రి నీరు ఏ గోడవరకు వచ్చెనో చూచినవారు మీలో ఉందురు. ఇంకను ఇరువది యేండ్లకు ఆ గుర్తు మాటగా మాత్రమే మిగులును. మాట పెరుగును, తరుగును. అట్టి గ్రామములలో నీరు చేరిన యెత్తును బాట ప్రక్కన ఒక రాతిపై గీతగా చెక్కి, తేదీ వేయుట కంటె పనికివచ్చు కళ యేది? అక్కడ ఇల్లు కట్టదలచినవాడు ఆ గీతను చూచి పునాది ఎత్తు నిర్ణయించుకొనును.

కొలతరాయి ఒక్కటియే చాలునని మా మాట కాదు. బాట పొడవునను చిన్న చిన్నవి ఉండవచ్చును. పసుపు ఉడికించు పెద్ద కడాయిలు మీకు తెలియును. ఆవిరి యంత్రములు వచ్చిన పిమ్మట కొన్ని ఇండ్ల పెరళ్ళలో అవి బోర్లబడి యున్నవి. ఒక పాత కడాయిని రాతిదిమ్మెపై నిలిపి వాననీరు పట్టినచో పక్షులు త్రాగును. ఇది పసుపు ఊరని వేరుగ వ్రాయనక్కరలేదు. వారమున కొకసారి ఆ నీటిని పారబోయవలెను సుమా, లేనిచో దోమలు. మోటకొట్టిన కాలపు గిలకలు, ఇనుప బొక్కెనలు ఎవరి కొట్టములోనైన దొరకవచ్చును. వానిని పాత మోటబావి వద్దనే నిలుపుట మేలు. అద్దాలపెట్టెలో పెట్టిన గిలకకును, బావి గట్టుపై నిలిచిన గిలకకును చాల భేదము కలదు.

జపాను దేశపు తోటలలో ఒక ముచ్చటైన యేర్పాటు కలదు. అడుగున రంధ్రము చేసిన కుండను బోర్లించి భూమిలో పాతుదురు. పైన గులకరాళ్ళు; చేతులు కడుగుకొన్న నీరు వానిగుండ దిగి, రంధ్రమునుండి చుక్కలుగా కుండలోపలి నీటిమడుగులో పడును. ఆ చుక్కల సవ్వడి కుండలో మారుమ్రోగి తంత్రీనాదమువలె పైకి వినవచ్చును. మడుగులో కొద్దిపాటి నీరు నిలుచునట్లు అడుగున గట్టి పళ్ళెము, ఎక్కువైన నీరు పోవుటకు దారి ఉండవలెను. అంతకు మించి మర్మము లేదు. విద్యుత్తు అక్కరలేదు. మన కుమ్మరి చేయలేని కుండ కాదది. వనములోని చేతిపంపు ప్రక్కన దీనిని ఏర్పరచినచో పిల్లలు నేలకు చెవిపెట్టి విందురు. రెండు మూడు కుండలు పగులునేమో, పగులనిండు, నాలుగవది పలుకును.

నీటి కథ చెప్పునప్పుడు తీపి సంగతులు మాత్రమే చెప్పిన అది సగము కథ. ఊరి నీరు అందరికిని ఒకే తీరుగ అందలేదు. దళితులు బావిగట్టు ఎక్కరాదన్న కట్టుబాటు అనేక గ్రామములలో ఉండెడిది. 1927 మార్చి 20న మహద్ పట్టణమున డాక్టరు అంబేద్కరు వేలమందితో కలిసి చౌదారు చెరువు నీరు త్రాగి ఆ కట్టుబాటును ధిక్కరించెను. మీ ఊరిలో వేరుగా నుండిన బావి ఏదైన నున్నచో, కాగితముపై దానిని కూడ గుర్తింపుడు. బాట అక్కడికిని పోవలెను. అట్లే నీరడి. తూము ఎత్తి దించి, మడిమడికి నీరు పంచి, వానరాత్రి కట్టమీద కావలియున్న మనిషి. చెరువు కట్టించిన దొరపేరు, బాగుచేయించిన అధికారి పేరు పలకమీద ఉండును. నీరడి పేరు మేము ఏ పలకమీదను చూడలేదు. మీ గ్రామమున తరతరములుగ నీరు పంచినవారి పేర్లు పెద్దలకు జ్ఞాపకముండగానే సేకరించి తూము ప్రక్కన రాతిపై చెక్కింపుడు. ఖర్చు స్వల్పము. ఈ యొక్క పలకకై కొన్ని ఊళ్ళలో వాదములు లేచునని మాకు తెలియును. లేవనిండు. గ్రామసభ ఉన్నది అందుకే.

గ్రామసభ మాట వచ్చినది గనుక ఒక సంగతి దాచక చెప్పుదుము. మన జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీలు బలమైనవి. గుడి కట్టుటయందు, బడి బాగుచేయుటయందు వాని చేయి కలదు. వారు విరాళమిచ్చిన సంతోషముతో స్వీకరింపుడు. కాని వనము, బాట, చెరువు పంచాయతీ పూచీలోనివి. ఏది ఎక్కడ నిలుపవలెనో తేల్చవలసినది చట్టము చొప్పున కూడిన గ్రామసభయే. డబ్బిచ్చినవాని తండ్రి విగ్రహము చెరువుకట్టపైకి వచ్చినచో, మరుసటి సంవత్సరము మరియొక తండ్రి వచ్చును. నీటిని గూర్చిన శిల్పమని తీర్మానములో స్పష్టముగ వ్రాసికొనుట మంచిది. బెస్తలు, ముదిరాజులు, రజకులు, పసుపు కడిగి ఉడికించు కూలి స్త్రీలు - నీటితో దినదినము పనిగలవారు ఆ సభకు రాకపోయినచో ఇంటికి పోయి అడుగుడు. చెరువు మీది బాట వారి దారికి అడ్డు పడరాదు. చాకిరేవు బండను అందము కొరకు తొలగింపరాదు. మాకు తోచినంతవరకు ఆ బండయే ఒక శిల్పము.

ఇక చేయరాని పనులు కొన్ని. చెరువు నిండినప్పుడు నీరు ఎంతవరకు పరచుకొనునో ఆ హద్దు లోపల వనముగాని, గద్దెగాని కట్టరాదు. శిఖము భూమిలో మట్టి పోసి పార్కు చేయుట చెరువును కబళించుటయే. పేరు ఎంత పచ్చనిదైనను ఆక్రమణ ఆక్రమణయే. కట్టమీద పెద్దవృక్షములు నాటుటకు ఇంజనీర్లు ఒప్పుకొనరు. వేళ్ళు కుళ్ళిన చోట నీరు దారి చేసికొనును. నీడచెట్లు కట్ట దిగువన, కట్టకు ఎడముగ ఉండనిండు. మత్తడి పారు దారికి అడ్డముగ బాటను ఎత్తుచేయకుడు. అక్కడ బాట పల్లముగనే యుండి, వరదకు దారి యియ్యవలెను. వేల్పూరు వాన మరల రాదని ఎవరు హామీ ఇత్తురు? బండలకు రంగులు పూయుట మరియొక జాడ్యము. ఆర్మూరు నవనాథ సిద్ధుల గుట్టమీది నల్లబండలను చూడుడు. వానికి నీలిరంగు పూసి అలలు గీసినచో ఎట్లుండునో తలచుకొన్నను మనసు ఒప్పదు.

2015 మార్చి 12న మిషన్ కాకతీయ పనులు మన పాత జిల్లాలోని సదాశివనగర్ చెరువు నుండియే మొదలైనవి. రాష్ట్రమున 46,531 చెరువులు కుంటలు లెక్కకు వచ్చినవి. పూడిక తీసిన చెరువులలో మరల పూడిక చేరుచునేయుండును. ఏ సంవత్సరము ఎంత మట్టి తీసిరో, ఆ మట్టి ఎవరి పొలములకు పోయెనో వ్రాసిన చిన్నరాయి కొలతరాతి ప్రక్కన ఉన్నచో, మరల పూడిక తీయవలసిన కాలమును ఊరే గుర్తించును.

ఖర్చును గూర్చి: 2018 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము పంచాయతీ బడ్జెటులో పదవ వంతు పచ్చదనమునకు కేటాయింపవలెను. ఆ నిధి మొక్కలది; దానిని రాళ్ళమీదికి మళ్ళింపకుడు. శిల్పమునకు వేరుగ తీర్మానము, వేరుగ లెక్క. నిలుపుట కెంతయో, ఏటేట శుభ్రపరచుట కెంతయో రెండు అంకెలును ఒకే తీర్మానములో ఉండవలెను. రెండవ అంకె వ్రాయలేని పనిని మొదలు పెట్టకుండుటయే మేలు.

కొలతరాతికి పునాది వేయుటకు చెరువు తగ్గియున్న మే నెలయే తగిన కాలము. మృగశిర కార్తె ప్రవేశించి తొలివానలు పడినచో అడుగు మెత్తబడి రాయి ఒరుగును. ఇంజనీరుగారికి మండలములోని చెరువులన్నింటి పని యుండును గనుక కొలత కొరకు మార్చిలోనే ఉత్తరము వ్రాయుడు. నీటి కాగితమును మాత్రము ఈ వారముననే ఆరంభింపవచ్చును. బడిపిల్లలను, ఇద్దరు ముగ్గురు ముసలివారిని వెంటబెట్టుకొని తూమునుండి బయలుదేరి, కాలువ వెంబడి పైకి నడువుడు. దారిలో కాలువ ఎక్కడ మాయమైనదో, ఎవరి గోడ క్రింద దూరినదో, అదియు కాగితముపై గుర్తింపుడు.